పందుల మైకుల నా గొంతు

పోయిన వారం నేను ఏం చేసిన్నో చెప్త వినుండ్రి. అప్పటి సంది పాలప్యాకెట్ కోసం బయటికెళ్లినా ఆడోళ్లు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నరు. మొగోళ్లు తల దించుకొని బండ్లు స్టార్ట్ చేస్తున్నరు. నా గొంతు నాకంటె ముందే ఊరంత తిరిగొచ్చింది మరి!

మాది ఎడపల్లి పక్కన చిన్న ఊరు. నా మనుమరాలు రూతు బోధన్ల ఒక మెడికల్ షాపుల పని చేస్తది. ముసలితనంల నాతోని అక్షరాలు దిద్దిపిచ్చింది అదే. ఇప్పుడు బైబిల్ కూడబలుక్కొని చదువుతున్ననంటె, గీ నాలుగు ముక్కలు రాస్తున్ననంటె, అంత దాని ఓపికే. పొద్దుగూకినంక రోడ్డు మీద బస్సు దిగి మా వాడకట్టు దాక నడిచి వస్తది. బాటకు రెండు దిక్కుల మనిషిని మించిన చెరుకు. స్తంభాలున్నయ్, లైట్లు లెవ్వు.

ఆ బాట మీద ఒకడు బండేసుకొని దీని ఎనకాలే వస్తున్నడట. లైటు బంద్ చేసి, మనిషి నడిచినంత మెల్లగ. "దిగబెట్టాల్నా? ఒక్కదానివే, భయం గాదా?" అంటడట. భయపెట్టేది వాడే, భయం గాదా అని అడిగేది వాడే! రూతు చేతులు పిసుక్కుంట నాకు చెప్తుంటె దాని బాపు, నా కొడుకు ప్రకాశం విన్నడు.

"రేపటి సంది పనికి పోకు" అన్నడు. అంతే! ఫోన్ చూసుకుంట అన్నం తిన్నడు.

రూతు ఒక్క మెతుకు ముట్టలే. వాడేమో బండి మీద తిరుగుడు, నా పిల్ల ఇంట్ల కూసునుడా?

నిద్ర పట్టలే. మా చెరుకుల పందుల మైకు అరుస్తనే ఉంది. అడవిపందులు రాకుంట చేన్లల్ల కట్టే చిన్న మైకు అది. అండ్ల మన గొంతు నింపి పెడ్తె తెల్లందాక అదే అరుస్తది. "హోయ్! హోయ్!" అని ప్రకాశమే నింపిండు. పంది వస్తదని చెరుకును ఎవడన్న ఇంట్ల దాచిపెడ్తడా? పందినే బెదిరిస్తడు. పిల్ల కాడికొచ్చేసరికి ఆ అకల్ ఏడవోయింది?

తెల్లారి, "నీ బాపుకు నేను చెప్పుకుంట, నువ్వు పో" అని రూతును పనికి తోలిన. ప్రకాశం అటు పోంగనే మైకు ఇప్పుకొచ్చిన. ఎర్ర బటన్ ఒత్తితె గొంతు నిండుతదని ఎర్కే. ఒత్తి మొదలువెట్టిన: "ఎవడ్రా వాడు! బండి లైటెయ్యి! నీ మొకం సూడనీ! ఆడపిల్ల ఎనక వడ్తవారా, సిగ్గులేనోడా!"

మంచిగనే వచ్చిందనుకొని వేలు తీసిన. వేలు తీస్తె కాలింగ్ బెల్లు ఆగదా? గిది ఆగదట! మళ్ల ఒత్తాలెనట! నాకేం ఎర్క? నేను పక్కన కూసొని చిక్కుడుకాయలు గిల్లుకుంట నాలో నేను మాట్లాడుకుంటున్న. అది అన్నీ మింగుతనే ఉంది.

పొద్దుగూకంగ బాట పక్కన మోరి కాడ మైకు కట్టి చెరుకు మొదట్ల కూసున్న. బస్సు ఆగింది. రూతు అడుగుల చప్పుడు. ఎనక బండి గురగుర. స్విచ్చేసిన.

"ఎవడ్రా వాడు!"

అబ్బ! నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డ. గింత డబ్బాలకెళ్లి గంత గొంతు ఎట్ల వస్తదో! వాడు బండిని తీస్కపోయి కాల్వల దింపిండు. లేపుకొని, ఒక చెప్పు ఆడనే ఇడిచి, రోడ్డు దిక్కు ఉరికిచ్చిండు. నేను చప్పట్లు కొట్టిన. "నాయినమ్మా, నువ్వా!" అని రూతు ఉరికొచ్చింది.

ఆడికి ఆగితె ఎంత బాగుండు! మైకు ఆగలే.

"స్తంభాలకు లైట్లెయ్యమంటె వార్డు మెంబరు పైసల్లేవంటడు. వాని బర్రెల కొట్టానికి మాత్రం రెండు లైట్లు. బర్రెలు పేపరు చదువుతయా? కిరాణం సాయిలు అన్నీ చూస్తడు, నోటికి తాళం. ఇగ నా కొడుకు, మీసాలకేం తక్కువ లేదు. కోడిపిల్లను గంప కింద మూస్తడు, గద్దను మాత్రం ఏమనడు..."

బటన్లన్ని ఒత్తిన. ఒకటి ఒత్తితె గొంతు ఇంక పెద్దగయ్యింది! అయిపోయిందనుకుంటె మళ్ల మొదటికొచ్చింది! రూతు చెరుకుగడ పట్టుకొని పడిపడి నవ్వుతుంది. వాడకట్టంత బయటికొచ్చింది.

ముందల వార్డు మెంబరు. "అవ్వా! ఆడమనిషి గొంతు ఊరంత గిట్ల వినబడాల్నా? నా ఇజ్జత్ తీసినవ్!"

"నా పిల్ల భయంతోని నోరెండి ఈ బాట మీద నడుస్తుంటె నీకు వినబడలే. బర్రెల ముచ్చట రాంగనే ఉరికొచ్చినవా?"

"పొద్దువోయినంక పిల్లను ఎవరు తిరగమన్నరు?"

"మొన్న నీ షుగర్ గోళీలు తెచ్చిచ్చింది ఎవరు? ఇదే పిల్ల, ఇదే బాట, ఇదే పొద్దు! అప్పుడు ఎందుకు తిరిగినవని అడిగినవా?"

కిరాణం సాయిలు మెల్లగ అన్నడు, "ఆ బండోడు నాకెర్కే అవ్వా. రోజు చూస్త."

"చూసి?"



గప్పుడే ప్రకాశం వచ్చిండు. మైకు సరిగ్గ వాని మీసాల కాడికొచ్చింది. అందరు వాని మొకం దిక్కే చూస్తున్నరు. పిల్ల పనిని నా నోటితోని నేనే పోగొట్టిననుకున్న. ప్రకాశం మైకు బ్యాటరీ పీకిండు. అటెన్క రూతు దిక్కు తిరిగి, "ఎవడు బిడ్డా వాడు?" అన్నడు.

ఆ మాట అప్పటిదాక ఎవ్వరూ అడగలే. ఎందుకు పోయినవ్, ఎందుకు ఆలస్యమైంది, ఒక్కదానివే ఎందుకొచ్చినవ్, ఇవే. నేను సుత అడగలే, తిట్టుడే సరిపోయింది నాకు. రూతు పేరు చెప్పింది. "నేను చూసిందంత ఠాణాల గవాయి చెప్త" అన్నడు సాయిలు. తెల్లారి ప్రకాశం, రూతు, సాయిలు ముగ్గురు కలిసి ఆ చెప్పు సుత కవర్ల పెట్టుకొని ఠాణాకు పోయిండ్రు. రూతు ఆడికెళ్లి సీదా పనికి పోయింది.

నిన్న మెంబరు ఒక స్తంభానికి లైటు పెట్టిపిచ్చిండు. పెట్టిపిచ్చి, మా గడప కాడికొచ్చి, "అవ్వా, దండం పెడ్త, ఇగ ఆ మైకు ముట్టకు" అన్నడు. సరే బిడ్డా అన్న. వాడు పోయినంక చూస్తె, తక్కిన స్తంభాలన్ని చీకట్లనే ఉన్నయ్.

పొద్దటి సంది వేడినీళ్లల్ల ఉప్పేసుకొని పుక్కిలిస్తున్న. గొంతు నొస్తుందా అవ్వా అని ప్రకాశం అడిగిండు. నొస్తలేదు కొడుకా, తయారైతుందన్న.