బూట్లు విప్పమనే వెల్డా

పాస్టరు గారి భార్య డార్లాను ఆటల దగ్గర ఒకరినొకరు పైకెత్తి కేరింతలు కొట్టే చీర్‌లీడింగ్ జట్ల కోచ్ వెల్డా కావాలనే కింద పడేసిందని మా హేజెల్ ఫోర్క్ ఊళ్లో ఒక పుకారు ఉంది. పచ్చి అబద్ధం. డార్లా పడలేదు, పైకెత్తిన పిల్లల చేతుల మీంచి దిగనంది. జిమ్ము కిటికీలోంచి చర్చి ముందు ఎవరెవరి కార్లు ఆగాయో కనిపిస్తున్నాయని, ఇంకాసేపు ఉంచమంది. నేనక్కడే ఉన్నాను. నాకేమీ సంబంధం లేదు కాబట్టే చూడ్డానికి వెళ్లాను.

వెల్డాకు ఉన్నది ఒకటే పిచ్చి. ఏటా మే నెలలో ఏ పిల్ల ఏ జట్టులో ఉంటుందో, ఎవరు పైన నిలబడాలో, ఎవరు కింద మోయాలో తేల్చి చెబుతుంది. వెంటనే తల్లులు దండెత్తుతారు. వెల్డా ఎవరితోనూ వాదించదు. "బూట్లు విప్పండి" అంటుంది. ఫిర్యాదు తెచ్చినవాళ్లను వాళ్ల పిల్ల ఉన్న గుంపే పైకెత్తాలి. నడుమెత్తు దాటనివ్వదు. చుట్టూ పరుపులు, వెనక చేతులు చాపి వెల్డా.

స్వయానా ఆమె కొడుకు రస్సెల్, బొగ్గు లారీ నడిపే భారీ మనిషి, ఒకసారి అరుస్తూ వచ్చాడు.

"అమ్మా, సొంత మనవరాల్ని రెండో జట్టులో వేస్తావా? జనం నవ్వుతున్నారు!"

"బూట్లు విప్పు."

"నన్నా? క్రేన్ కావాలే!"

"సాక్సులు ఉంచుకో. పిల్లలు ఊపిరి పీల్చుకోవాలి."

రెండో జట్టంతా కలిసి ఎత్తింది. దిగాక రస్సెల్ కూతురి భుజాలు నొక్కుతూ ఇంటికి తీసుకుపోయాడు. మొదటి జట్టు ఊసు మళ్లీ రాలేదు.

ఈ ఏడు మా ఇంటి వంతు. నా మనవరాలు రేలిన్ నిరుటిదాకా పిచ్చుక. అందరి చేతుల మీదా నిలబడి నవ్వేది. ఒక్క చలికాలంలో మొక్కజొన్నలా ఎదిగిపోయింది. వెల్డా దాన్ని కింద మోసేవాళ్లలో వేసి, పైచోటు డవీ అనే కొత్త పిల్లకిచ్చింది. రేలిన్ ఇంటికొచ్చి తన తల రిబ్బను తీసి కుక్కకు కట్టింది.

"మానేస్తున్నా అమ్మమ్మా. కింద ఉంటే ఎవరికీ కనబడను."

"నాకు కనబడతావు కదే!"

"నిరుడు నన్ను మోసిందెవరో చెప్పు చూద్దాం."

ఈ ఊళ్లో ఏ ఇంట్లో ఏ పూట ఏం వండారో నాకు తెలుసు. ఆ పేర్లు మాత్రం తెలియలేదు. తెలియకపోయేసరికి కోపం ఇంకా పెరిగింది. యూనిఫాం తిరిగి ఇచ్చేస్తానన్న రేలిన్‌ను వెంటబెట్టుకుని, పాత పొగాకు గోదాములో ఉన్న జిమ్ముకు వెళ్లాను.

"పొడుగవడం తప్పా వెల్డా? ఇదేం న్యాయం?"

"బూట్లు విప్పు ఓపల్ అక్కా."

"నాకు అరవై ఎనిమిదేళ్లు! మోకాళ్లు పోయాయి!"

"మోకాళ్లతో పని లేదు. నిటారుగా, నోరు మూసుకుని నిలబడితే చాలు."

"రెండూ ఒకేసారి నావల్ల కాదు."

వెల్డా రేలిన్ వైపు తిరిగింది. "యూనిఫాం తర్వాత ఇద్దువుగాని. ముందు మీ అమ్మమ్మ కుడి పాదం పట్టుకో."

ఎత్తారు. నేను గాలికి ఊగే దుప్పటిలా వణికాను. నా పాదం కింది చేతులు వణకలేదు.

"కిందికి చూడకు అమ్మమ్మా, ఎదురుగా చూడు."

చూడొద్దంటే చూడకుండా ఉండే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు. చూశాను. పళ్లు బిగించి, ముఖం కందగడ్డలా చేసుకుని, నా బరువంతా మోస్తోంది నా రేలిన్.

"పడిపోతానే!"

"నేనుండగానా?" అంది. ఆ గొంతులో అంత పొగరు నిరుడు పైన నిలబడ్డప్పుడు కూడా వినలేదు.

నన్ను దించాక యూనిఫాం సంచి మళ్లీ భుజాన వేసుకుని, "డవీని పిలవండి. అమ్మమ్మ తర్వాత అదొక బరువా?" అంది.

నేను బూట్లు తొడుక్కుంటూ అడిగేశాను. "నిజం చెప్పు వెల్డా. ఇదంతా మా నోళ్లు మూయించడానికే కదా?"

"మీ నోళ్లా? అది దేవుడివల్లే కాలేదు," అంది వెల్డా పరుపు మడుస్తూ. "చూడ్డానికి వచ్చినవాళ్లంతా పైనున్న పిల్లనే చూస్తారక్కా. మోసే పిల్లను కన్నతల్లి కూడా చూడదు. అందుకే మిమ్మల్నే పైన పెడతా. అక్కణ్ణుంచి కిందికి చూడక చస్తారా!"