మా బావ బిగించిన ఫ్యాను

మా బావ పోయాడని సోమవారం పొద్దున పులివెందుల నుంచి ఫోను వచ్చింది. బావంటే మా అక్క మగడు. ఫోను పెట్టేసి కూర్చుందామంటే కాలు నిలవలేదు. వాకిట్లోకి, ఇంట్లోకి, మళ్లీ వాకిట్లోకి తిరిగాను. పోయి మట్టి వేసి వచ్చాను. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాను, అందుకే ఇది రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానినవాణ్ని. మాటలు పేర్చడం రాదు. జరిగింది చెప్పడం వచ్చు.

బావ మెత్తని మనిషేం కాదు. పేకాటలో ఓడితే ముక్కలు చించేవాడు. పెళ్లిలో పప్పు పలచనైతే వంటవాణ్ని పిలిచి అందరి ముందూ అడిగేవాడు. రెండు లారీలుండేవి ఆయనకు. ఏ బండి ఎక్కబోయినా, చివరికి బస్సయినా, ముందు దాని మూతి మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఎందుకు బావా అంటే, "ఎవురింటికన్నా పోతే బాగుండావా అని అడగవా?" అనేవాడు.

ఆయనది ఒక పార్టీ, నాది ఇంకొకటి, మా ఊళ్లో దానికి పెద్దను నేనే. ఫ్యాక్షన్ రోజుల్లో ఆ మాటకు అర్థమేందో మా సీమవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఎదురుపడితే కత్తులే. నేను పులివెందుల పోయేవాణ్ని కాదు, ఆయన మా ఊరు వచ్చేవాడు కాదు. అక్కే రెండిళ్లకూ తిరిగేది.

ఒక ఏడు నా మీద కేసు పడింది. జమ్మలమడుగు కోర్టులో వాయిదా. పోకపోతే వారంటు. పోదామంటే కారులో రేడియేటరు ఫ్యాను కాలిపోయి ఉంది. ఫ్యాను లేని కారు పరుగెత్తినంతసేపూ ఎదురుగాలికి బాగానే ఉంటుంది, నిలబడితే ఉడుకుతుంది. ఇంకొకరైతే నిలబడినప్పుడు ఇంజను ఆపుకుంటారు. మేం ఆపలేం. ఆ కాలంలో మా బండ్లు ఎక్కడ నిలిచినా ఇంజను ఆడుతూనే ఉండాలి, ఎవరైనా మీదికొస్తే దూకించడానికి. దారిలోనేమో ముద్దనూరు రైలు గేటు. ప్రొద్దుటూరు షెడ్డులో బండి వదలలేం, ఎవడొచ్చి బ్రేకు కోస్తాడో తెలియదు. మెకానిక్‌ను ఇంటికి రమ్మంటే, "మీ ఇంట్లో చెయ్యి పెడితే రేపట్నుంచి వాళ్ల బండ్లు నా కాడికి రావన్నా" అని తప్పుకున్నాడు.

సంగతి అక్క చెవిన పడింది. వాయిదా రోజు పొద్దున్నే బావ బస్సు దిగి, గోనెసంచి భుజాన వేసుకుని మా వీధిలోకి వచ్చాడు. కాపలా ఉన్న మావాళ్లు అడ్డం నిలబడ్డారు.

"సంచిలో ఏంది మామా?"

"ఫ్యాను."

"ఇంత చలికి ఫ్యానేందప్పా?"

"మీ నాయకునికి చెమట్లు పడ్తాండాయంట. ఇసరను వచ్చినా."

సంచి విప్పి చూసి గాని వదల్లేదు. ఎవరు పంపారని నేను అడిగాను.

"మీ అక్క. నాకేమన్నా నీ మింద ప్రేమనుకున్యావా?" అని చొక్కా విప్పి తీగ మీద వేశాడు.

పాత ఫ్యాను బోల్టు ఒకటి తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి గొంతుక్కూర్చున్నాడు. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"కొట్టి ఊడబెరుకు బావా, టైమయితాంది."

"కొడితే రేడియేటరు చిల్లు పడ్తాది. నీ మాదిరి అన్నిట్నీ కొట్టి లొంగదీసేది కుదర్దు బామ్మర్దీ."

మావాళ్లు నవ్వు దాచుకోవడానికి పక్కకు తిరిగారు.

బోల్టు వచ్చింది. ఆయన తెచ్చిన ఫ్యాను వేరే బండిది, వైర్లు చేత్తోనే కలపాల్సి వచ్చింది. బ్యాటరీకి తగిలించగానే తిరిగింది. నేను ఎక్కి కూర్చున్నాను. "దిగు" అన్నాడు. గోడకున్న మా పార్టీ కరపత్రం ఒకటి పీకి రేడియేటరు ముందర పట్టుకున్నాడు. అది ఎగిరి దూరంగా పడింది.

"వైర్లు తిరగబడినాయి. గాలి లోపలికి పీల్చల్యా, బయటికి తోస్తాంది. ఇట్లనే పోయింటే గేటు కాడ ఉడికిపోతాంటివి."

వైర్లు మార్చి మళ్లీ పట్టాడు. ఈసారి కాగితం రేడియేటరుకు అతుక్కుంది, దాని మీదున్న మా పార్టీ నాయకుడి ముఖంతో సహా.

"చూడు, ఎట్ల కరుచుకున్యాడో. సీటు దొరికినట్లుండాది మీవానికి."

బయలుదేరబోతే మావాళ్లలో ఒకడు గట్టిగా అన్నాడు: "చేసినాయన కూడా కూచ్చోని రావాల." అప్పట్లో మాది అదే లెక్క. అవతలి పార్టీవాడు బండి మీద చెయ్యి వేస్తే, మొదటి ప్రయాణం వాడూ చెయ్యాలి. నేను వద్దనే లోపలే బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ముందు సీట్లో కూర్చున్నాడు.

ముద్దనూరు గేటు పడే ఉంది. మేం ఆగాం. వెనకనే ఒక జీపు వచ్చి ఆగింది. నా మీద కేసు పెట్టినవాళ్లు, బావ పార్టీవాళ్లే, అదే కోర్టుకు పోతున్నారు. నలుగురు దిగారు. మా ఇంజను ఆడుతూ ఉంది. వేడి చూపే సూది పైకి లేస్తోంది. అప్పుడు ఫ్యాను తిరగడం అందుకుంది. సూది మెల్లగా దిగింది. బావ అద్దం దించి మోచెయ్యి బయట పెట్టాడు, అందరికీ కనపడేటట్లు.

ముందు వచ్చినవాడు వంగి చూసి తెల్లబోయాడు. "ఏం మామా, ఈ బండ్లో ఉండావు?"

"మా బామ్మర్ది బండి. నువ్వు యాడికి?"

"కోర్టుకు."

"మేమూ ఆడికే. గేటు తీస్తాండారు, పొయ్యి బండెక్కు."

వాడు నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు, పోయాడు. నన్ను కాపాడింది ఫ్యానా, ఆ మోచెయ్యా అంటే నాకు తెలియదు. రెండూ ఆయనవే.

ఆ తర్వాత ఆయన పార్టీవాళ్లు ఆయన్ను పిలవడం మానేశారు. లారీలకు బండల లోడు ఇవ్వలేదు. ఒకటి అమ్ముకున్నాడు. మా పక్కకు రమ్మని కబురంపితే, "ఒగ పార్టీని మోసింది చాలు, ఇంగోదాన్ని కూడా మోయల్నా?" అన్నాడట.

ఆయన తలపుకొస్తే నాకు కనపడేది మాత్రం ఆ రోజు మధ్యాహ్నమే. కోర్టు కాగానే జమ్మలమడుగు బస్టాండులో దింపమన్నాడు. ఇంటిదాకా దింపుతానంటే వినలేదు. లోపల పొడుగాటి సిమెంటు బల్ల మీద ఆయన పార్టీవాళ్లు ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. బావ పోయి ఒక చివర కూర్చున్నాడు. ఒకడు లేచాడు. ఇంకొకడు లేచాడు. అందరూ పోయి అవతల నీడలో నిలబడ్డారు. నేను రోడ్డు మీద, ఆడుతున్న ఇంజనుతో, చూస్తున్నాను. బావ వాళ్లవైపు చూడలేదు. వేరుశనక్కాయల పొట్లం విప్పాడు. జరిగి జరిగి బల్ల నడిమధ్యకు వచ్చి, రెండు కాళ్లూ చాపుకుని, ఒక్కొక్క కాయా ఒలుచుకుని తింటూ కూర్చున్నాడు.