సున్నా వేసి మళ్ళీ మొదలు

వంకరవేలు మాస్టారని పిల్లలు చాటుగా అంటారు గానీ, ఆ వేలు పుట్టుకతో వంకర కాదు. తొమ్మిదేళ్ళప్పుడు కన్నతండ్రి విరగ్గొట్టాడు. ఎందుకంటారా? చదరంగంలో చేతిలో మంత్రి ఉండి, అవతల ఒంటరి రాజు మాత్రమే మిగిలి, గెలవాల్సిన ఆటను డ్రా చేసినందుకు. ఆ రాజుకు షా, అదే చెక్, చెప్పకుండానే, కదలడానికి గడి లేకుండా చేస్తే ఆట డ్రా. చిన్నపిల్లాడి పొరపాటు. ఆ మహానుభావుడు మాత్రం చెక్క బోర్డు ఎత్తి, అంచుతో వేలి మీద కొట్టాడు. ఆటకు కూర్చుంటే బెల్టు పక్కనే పెట్టుకునేవాడు. ఎత్తు తప్పితే వీపు చిట్లేది. అదేం తండ్రో, తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

పెద్దయ్యాక మాస్టారు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పనిలో చేరాడు. కూతురు పుట్టిన రోజున, ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, ఈ పిల్ల మీద చెయ్యి వెయ్యనని భార్యకు ఒట్టేశాడు. ఏడేళ్ళు మాట నిలబెట్టుకున్నాడు పాపం. కోపమొస్తే పడగ్గది తలుపును గుద్దేవాడు. దానికి ఒకచోట పిడికిలంత గుంట పడింది.

పిల్లకి ఏడేళ్ళు నిండిన సంవత్సరం, మంత్రితో ఒంటరి రాజును కట్టే అదే ముగింపును కంప్యూటర్‌కి నేర్పడానికి పూనుకున్నాడు. కిటుకులేవీ చెప్పలేదు. ఏ పావు ఎలా కదులుతుంది, ఏది ఆటకట్టు, ఏది డ్రా, అంతవరకే. మిగతాది తనతో తనే ఆడుకుని తెలుసుకోవాలి. గెలిస్తే ఒకటి, డ్రా అయితే సున్నా, మళ్ళీ మొదలు. మొదట్లో దాని ఆట చూస్తే ఏడుపొచ్చేది. మంత్రిని తీసుకెళ్ళి ఎదుటి రాజు నోట్లో పెట్టేది. లక్షసార్లు డ్రా చేసింది. మాస్టారు ఒక్కసారీ విసుక్కోలేదు. ఒళ్ళో కూర్చున్న కూతురు సున్నాలు చూసి కిలకిలా నవ్వేది. మూడో నెలకల్లా ఎక్కడ మొదలుపెట్టినా పదెత్తులు దాటకుండా ఆట కట్టేస్తోంది.

ఆ సంతోషంలో ఆదివారం పొద్దున కూతుర్ని బోర్డు ముందు కూర్చోబెట్టాడు. మంత్రి ఉన్న పక్షం పిల్లకిచ్చి, తను ఒంటరి రాజుతో ఆడాడు. రెండుసార్లు డ్రా. మూడోసారీ అదే. ఆయన నోటినుంచి వాళ్ళ నాన్న తిట్టే వచ్చింది, ఆ వెంటే చెయ్యీ లేచింది. పిల్ల కుర్చీతో సహా వెనక్కి పడింది. పెదవి చిట్లి, పన్నూడి నేలమీద పడింది. వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చిన తల్లి చేతిలోని గరిటెతోనే ఆయన్ని ఎడాపెడా బాదింది. నుదురు పగిలినా ఆయన తప్పుకోలేదు.

పిల్ల ఏడవలేదు. నోట్లోని నెత్తురు మింగి, "కంప్యూటర్‌కి సున్నా వేసి మళ్ళీ మొదలుపెడతావుగా నాన్నా," అంది. "నాకూ సున్నా వెయ్యి. కొట్టకు."

ఆయన కుప్పకూలిపోయి, ఆ చిన్న కాళ్ళు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంకెప్పుడూ కొట్టనని మళ్ళీ ఒట్టు వెయ్యబోతే, ఆ మాట ఎత్తొద్దంది భార్య.

వారం తర్వాత పిల్లే బోర్డు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెదవి వాపు ఇంకా తగ్గలేదు. మంత్రిని జాగ్రత్తగా జరిపి, సరైన ఎత్తే వేసి, తండ్రి వంక చూసింది. ఆయన మురిసిపోయి, తన రాజును జరపడానికి చెయ్యి ముందుకు చాచాడు. పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది.