పెద్దత్త అలిగింది

ఆ విద్యుత్ కేంద్రంలో పెద్దాయనకి చుట్టం కాని యంత్రం లేదు. టర్బైను మామగారు, ఆయన ఎదుట ఎవరూ గొంతు పెంచకూడదు. రోజంతా సొదపెట్టే ఫ్యాను చిన్నమరదలు. కరెంటు పోతే తప్ప ముఖం చూపించని డీజిల్ జనరేటరు తోడల్లుడు. బాయిలరుకు నీళ్ళు తోడే పంపు పెద్దత్త.

పెద్దాయనలా ఏళ్ళ తరబడి ఆ యంత్రాలు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు వెతికినా దొరకని రోజులవి. అందుకని పెద్దాయన రిటైరయ్యేలోగా ఆయన బుర్రలో ఉన్నదంతా సాఫ్ట్‌వేరుకి నేర్పమని కంపెనీ ఒక అమ్మాయిని పంపింది. ఆయన జేబుకి మైకు తగిలించి, పాపం, ఆ అమ్మాయి నీడలా వెంట తిరిగింది. ఆ తిరుగుడు తలచుకుంటే ఆమెకి ఇప్పటికీ నవ్వొస్తుంది.

“పెద్దత్త అలిగింది,” అనేవారు ఆయన, పంపు ఆగగానే.

“అంటే ఏమిటండీ? ప్రెషర్ పడిపోయిందా, వేడెక్కిందా?”

“అత్తగారి అలకని ఎవరైనా మీటరు పెట్టి కొలుస్తారా అమ్మా?”

ఆమె తల పట్టుకునేది.

రిటైరైన రోజు ఆయన చుట్టాలందరి దగ్గరా పేరుపేరునా సెలవు తీసుకున్నారు. మామగారి దగ్గర మాత్రం గొంతు తగ్గించారు. మర్నాటి నుంచి అవన్నీ వట్టి యంత్రాలైపోయాయి. కంట్రోల్ రూము బోసిపోయింది.

కొన్నాళ్ళకి కొత్త ఆపరేటరు కంగారులో ఒక వాల్వు బదులు ఇంకోటి మూసేశాడు. పంపు ఆగింది. ఇంకో పొరపాటు జరిగితే ఇంటికేనని మేనేజరు అతనికి అప్పటికే చెప్పి ఉన్నాడు.

“కంగారుపడకు నాయనా,” అంది హెడ్‌ఫోనులోంచి సాఫ్ట్‌వేరు, అతనొక్కడికే వినబడేలా. “నువ్వు మూసింది పక్క వాల్వు. నిదానంగా తెరువు.”

పంపు మళ్ళీ తిరిగింది. మేనేజరు ముందున్న తెర మీద మాత్రం, ఆగిన కారణం అన్నచోట, “పెద్దత్త అలిగింది” అని పడింది.

“ఇంత ఖర్చుపెట్టింది ఇందుకా? అసలు కారణం కనుక్కుని రండి!” అని మేనేజరు అమ్మాయి మీద ఎగిరాడు.

ఆమె పాత రికార్డింగులు మళ్ళీ విన్నది. అత్త అలిగిన ప్రతిసారీ అక్కడ ఉన్నది ఎవరో కొత్తవాళ్ళే. పెద్దాయన ముందు వాళ్ళ చెవిలో తప్పు చెప్పి దిద్దించి, ఆ తర్వాతే అలక సంగతి అందరికీ వినబడేలా ప్రకటించేవారు. సాఫ్ట్‌వేరు ఆ విద్య కూడా శ్రద్ధగా నేర్చుకుంది. ఆమెకి కోపం రావలసింది, ఆయన మీద బెంగ వచ్చింది. ఆయనకి ఫోన్ చేసింది.

“కొత్తలో చెయ్యి వణుకుతుందమ్మా. నలుగురిలో తిడితే ఇంకా వణుకుతుంది. పెద్దత్తకేం, ఎన్ని మాటలైనా పడుతుంది.”

“మళ్ళీ అదే తప్పు చేస్తే?”

“అప్పుడు నేను అలిగేవాణ్ణి.”

ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. నిజం చెబితే ఒకడి ఉద్యోగం పోతుంది.

“అది అలుగుతుందండీ,” అంది చివరికి. “కొత్తవాళ్ళు పక్కన ఉన్నప్పుడే అలుగుతుంది.”

మేనేజరు ముఖం మెల్లగా ఎర్రబడింది.

“నేను ఇక్కడ ఆపరేటరుగా చేరిన ఏడాది అది వారం వారం అలిగేది,” అన్నాడు. “ఈ పంపు పనికిరాదు, మార్చెయ్యమని పైవాళ్ళతో పోట్లాడాను కూడా. ఆ అబ్బాయిని రేపు మామూలుగా డ్యూటీకి రమ్మనండి.”