వైరు మంచిదే

జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె, "అన్నా, ఫోన్ల చార్జింగ్ లేదు. నీ కంప్యూటర్‌కు జర పెడ్తవా? మా ఆయన దుబాయ్‌ల జైలుల ఉన్నడు. పొద్దుమూకే లోపట ఒక్కసారి ఫోన్ చేయనిస్తరట" అంది.

ఆమె ఇచ్చిన చార్జింగ్ వైరును నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, మూత వేసి, ఫోన్‌తో సహా సంచిలో పెట్టాను.

అంతకుముందు ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌ను అప్‌డేట్ చేశాక, మూత వేసినా అది ఆగకుండా నడిచి బ్యాటరీ అంతా తాగేసేది. మూత వేయగానే ఆగిపోయేలా సెట్టింగులు మార్చి నేనే బాగుచేశాను, నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు మూత వేస్తే ఫోన్‌కు పోయే కరెంటూ ఆగిపోతుందని మాత్రం చూసుకోలేదు.

కొడిమ్యాల దాటాక "ఎక్కిందా అన్నా?" అని అడిగింది. తీసి చూస్తే ఏమీ ఎక్కలేదు. కారణం నాకు వెంటనే తెలిసిపోయింది. మూత తెరిచి పెడితే సరిపోయేది, ఇంకా ఎండ ఉంది. కానీ తప్పు నాదని చెప్పడానికి నామోషీ అనిపించింది.

"నీ వైరు ఖరాబైందమ్మా" అన్నాను.

"మొన్ననే కొన్న గీ ముదనష్టపుదాన్ని!" అని ఆమె దాన్ని కిటికీలోంచి విసిరేసింది. మళ్లీ నావైపు తిరిగి, "నువ్వేం జేస్తవ్ తియ్యన్నా. అడగంగనే పెట్టినవ్, గదే శాన" అంది.

ఇన్నేళ్లూ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా వైరు చెడిపోయిందనే చెప్పాను. చెడిపోలేదు.

సిరిసిల్ల చేరేసరికి చీకటి పడింది. దిగుతూ కూడా ఆమె ఫోన్ బటన్ నొక్కి చూసుకుంది.