లై ఒకటి, లై రెండు

ఒక ఇంగ్లీషు మాటకి ఒక్కటే అర్థమని తేల్చి, నన్ను కొట్లోంచి వెళ్ళగొట్టారు. తప్పు నాది కాదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాయగలిగినవాడికి గుంటూరు మిర్చి కొట్లలో కుర్చీ వేసేవారు. ఎనిమిదితో చదువాగిన నాకు, అట్టలూడిన నిఘంటువొకటి కంఠతా పట్టిన ధైర్యంతో ఆ కుర్చీ దొరికింది (‘ఎమ్’ దాకానే పట్టాను, అడిగినవాడు లేడు). ఒకరోజు మద్రాసు పార్టీకి, మీ నలభై టిక్కీలు (మిరపకాయల బస్తాలకి మా యార్డులో పేరు) గోడౌన్లో పడి ఉన్నాయి, లారీ పంపండి అని రాస్తూ, పడి ఉన్నాయనడానికి ‘లైయింగ్’ అని వేశాను. షావుకారు గారి బావమరిది, నా ఈడువాడే, బీయే తప్పి కొట్లో చేరినవాడు, ఆ ఉత్తరం లాక్కుని "బావా! మన టిక్కీలు అబద్ధాలాడుతున్నాయంట!" అన్నాడు.

"ఏరా, నా సరుకు అబద్ధమని పార్టీకి నువ్వే రాస్తావా?" అని షావుకారు గారు లేచారు.

నేను నిఘంటువు విప్పాను. "రెండు మాటలండీ. పడి ఉండే లై వేరు, బొంకే లై వేరు. పుట్టిన వేళ్ళే వేరు. నిన్న పడి ఉన్నదానికో స్పెల్లింగు, నిన్న బొంకినదానికో స్పెల్లింగు. ఇంగు తగిలితే మళ్ళీ రెండూ ఒకటైపోతాయి." (పక్కనున్న కాటా గుమాస్తా ఇంగువ అనుకున్నాడు.)

"చెప్పిందే చెప్పావంటే చెప్పు తీస్తా!" అన్నారు షావుకారు గారు.

"అదేనండీ! ఆ చెప్పడమూ ఈ చెప్పూ ఒకటేనాండీ?" అన్నాను, ఉత్సాహం పట్టలేక. నా వాదనకి అంతకంటే మంచి ఉదాహరణ నాకు నేటికీ దొరకలేదు. ఉద్యోగం మాత్రం అక్కడితో సరి. యార్డంతా నన్ను ‘అబద్ధాల ఇంగ్లీషు’ అని పిలిచింది. మరే కొట్లోనూ కుర్చీ వెయ్యలేదు.

చిలకలూరిపేట పత్తి మిల్లులో చేరి అక్కడే రిటైరయ్యాను. నిఘంటువు ‘జెడ్’ దాకా పూర్తయింది గానీ కోపం ‘ఎల్’ దగ్గరే ఆగిపోయింది. మొన్న మా మనవరాలు ఆ బావమరిది నంబరు సంపాదించి పెడితే, ఆ పేజీ ఫొటో తీసి, రెండు లైల కిందా ఎర్ర గీతలు గీసి, "ఇప్పుడేమంటావు?" అని వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. డెబ్బై దాటినవాణ్ణి, పరీక్ష రాసిన పిల్లాడిలా గంటకోసారి ఫోను చూసుకున్నాను. ఐదో రోజు పొద్దున జవాబొచ్చింది:

"ఒరేయ్, ఆ పడి ఉండే అర్థం నాకప్పుడే తెలుసురా. నిన్ను చూపించి, వాణ్ణి చూసి నేర్చుకోరా అని బావ రోజూ దెప్పేవాడు. ఓర్చుకోలేక అబద్ధమాడాను. నువ్వు పోయాక ఉత్తరాలన్నీ నా నెత్తినే పడ్డాయి, రాయలేక చచ్చాను. నువ్వు పంపిన పేజీ అక్షరాలు కంటికి ఆనట్లేదు. కాస్త పెద్దగా తీసి మళ్ళీ పంపు."