అమ్మ వద్దన్న అమెరికా కారు

మేము చిన్నగున్నప్పుడు... ఉప్పల్ రోడ్డు మీద ఎడ్లబండి అడ్డమొచ్చిందంటె మా నాయిన కారు దాని వెనకనే ఆగిపోయేది. నాయిన స్టీరింగ్ పట్టుకోని "సుగుణా, తొవ్వ ఉందా?" అని అడిగేటోడు. పక్కన కూసున్న మా అమ్మ కిటికీల నుంచి తల బయటవెట్టి చూసి "ఆగు... లారీ వస్తుంది... ఆ, ఇగ పో" అనేది. ఆమె పో అన్నంకనే కారు కదిలేది.

మీకు నవ్వొస్తుండొచ్చు. సంగతేందంటె అది అమెరికా కారు. వాళ్ల దేశంల రోడ్డుకు కుడిదిక్కు నడుస్తరంట... అందుకే స్టీరింగ్ ఎడమదిక్కుంటది. మన రోడ్ల మీద ముందట బండి ఉంటె ఎదురుంగ ఏమొస్తుందో డ్రైవర్‌కు కనవడది. కుడిదిక్కు కూసున్నోళ్లు చూసి చెప్పాలె.

నాచారం ఫ్యాక్టరీల ఒక అమెరికా దొర కాడ నాయిన డ్రైవర్‌గ పని చేసిండు. దొర తన దేశం పోతపోత ఆ కారు నాయినకు అగ్గువకు ఇచ్చిపోయిండు. నాయిన దాన్ని కిరాయికి పెట్టిండు. ఏం కారు అది... ఆకాశం రంగు, మంచమంత సీటు, నున్నగ మెరిసే బానెట్టు. బడి నుంచి రాంగనే అందుల నా మొఖం చూసుకునేటోన్ని.

పక్కన కూసునేటందుకు ఎవరన్న కావాలె గద. "నేను కూసుంట" అన్నది అమ్మ. మా నాయినమ్మ ఒప్పుకోలే.

"మొగోళ్లెక్కే బండ్ల ముందట సీట్ల కూసుంటవా... నలుగురు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని అత్తా. బండి గుద్దితె ఆ నలుగురు వస్తరా?" అని అమ్మ కొంగు నడుముకు చెక్కుకోని ఎక్కి కూసున్నది. బస్తీల మస్తు మంది మస్తు మాటలన్నరు. ఆమె దిగలే.

ఇగ సూడున్రి... మేమెవ్వరం అనుకోనిది అయ్యింది. ఆడమనిషి ఉన్న కారు అని ఆడోళ్లందరు మా కారే అడిగేటోళ్లు. కానుపుకు దవాఖానకు పోవాలన్న, బిడ్డను అత్తగారింట్ల దించి రావాలన్న "సుగుణమ్మ కూసునే కారు పిలువున్రి" అనేటోళ్లు. అంతకుముందు అమ్మ నాచారం దాటి పోయింది తక్కువ. ఆ సీట్ల కూసోని పట్నమంత చూసింది. సాయంత్రం రొట్టెలు చేసుకుంట చార్మినార్ ముచ్చట్లు చెప్తుంటె మేము నోరు తెరుసుకోని వినేటోళ్లం.

ఒక ఎండకాలం పొద్దుగాల... పీర్జాదిగూడ నుంచి నొప్పులు పడుతున్న పిల్లను ఎక్కించుకోని సికింద్రాబాద్ దవాఖానకు బయల్దేరిన్రు. తార్నాక కాడ చడావు ఎక్కుతుంటె కారు ఠక్కున ఆగింది. నాయిన బానెట్టు లేపి ఎంత చేసిన కదల్లే. అమ్మ దిగి, రోడ్డు నడిమిట్ల నిలవడి చేతులడ్డం పెట్టింది. ఇటుకల లారీ ఒకటి ఆగింది. ఆ పిల్లను లారీ డ్రైవర్ పక్కన పండవెట్టి తీస్కపోయింది. దవాఖాన లోపలికి పోయిన్రో లేదో కానుపయ్యింది. తల్లి, బిడ్డ మంచిగనే ఉన్నరు.

మా బస్తీల కార్ల మిస్త్రి యాదగిరి మామ. నాయినను బావ అంటడు. ఆయనొచ్చి చూసి, "బావా, దీని సామాను ఈడ దొరకది. బొంబాయి నుంచి రావాలె, ఆడ ఉంటదన్న నమ్మకం కూడ లేదు. అమ్మేసి అంబాసిడర్ తీస్కో. దాని సామాను గల్లీ గల్లీల దొరుకుతది" అన్నడు.

నాయినకు మనసొప్పలే. "ఇసొంటి కారు మల్ల దొరుకుతదా? బొంబాయికి రాస్త. పార్సిల్ వచ్చెదాక ఆగుదాం."

"నొప్పులు ఆగుతయా, పార్సిల్ వచ్చెదాక?" అన్నది అమ్మ.

నాయిన మెల్లగ అన్నడు... "అంబాసిడర్ స్టీరింగ్ కుడిదిక్కుంటది సుగుణా. అంత నాకే కనవడ్తది. ఇగ నువ్వు కూసునే పనే ఉండది. సోంచాయించుకో."

అమ్మ పొయ్యి దిక్కు చూసుకుంట కూసున్నది. ఆ కారంటె నాయినకంటె ఆమెకే పానం ఎక్కువ... మాకందరికి తెలుసు. పొయ్యిల కట్టెలు ముందుకు జరిపి, "అమ్మెయ్" అన్నది.

అమ్మేసినం. ఎట్లనో కష్టపడి పాత అంబాసిడర్ తెచ్చుకున్నం. మా చర్చి పాస్టరయ్య బానెట్టు మీద చెయ్యి వెట్టి ప్రార్థన చేసిండు... యాదగిరి మామ తన తృప్తికి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిండు. ఇద్దరి మాట కాదనలే. నాయిన కుడిదిక్కు ఎక్కిండు. అమ్మ చుట్టు తిరిగొచ్చి, ఎడమదిక్కు తలుపు తీసి కూసున్నది.

మామ నవ్విండు. "అక్కా, ఇంక నీకేం పని? బావకు రోడ్డంత కనవడ్తది గద."

"రోడ్డు కనవడ్తది తమ్మీ. వెనక సీట్ల ఆడిపిల్ల నొప్పులు పడుతుంటె మీ బావ వెనక్కి తిరిగి చూస్తడా, ముందటికి చూస్తడా?"

నాయిన కారు స్టార్ట్ చేసి, "తలుపు గట్టిగ వేస్కో" అన్నడు. అంతే. మోకాళ్లు సహకరించినన్ని ఏండ్లు అమ్మ ఆ సీటు ఇడువలే.

ఇదంత ఇయ్యాల ఎందుకు రాస్తున్ననంటె... మొన్న మా బిడ్డ కారు కొన్నది. తన జీతంతోని. సంతోషం పట్టలేక కనవడ్డోళ్లందరికి చెప్తున్న, మీకు కూడ చెప్తున్న. కొనేముందు ఇంట్ల విదేశీ కంపెనీదా, మనదా అని పెద్ద కొట్లాట... మైలేజీ అంటడొకడు, స్క్రీన్ అంటదొకామె. నన్నడిగితె "అందుల ఎవరెవర్ని ఎక్కించుకుంటవో చెప్పు బిడ్డా, అప్పుడు చెప్త" అన్న. అందరు నవ్విన్రు.

ఇప్పటి బండ్లు మస్తు మంచిగొచ్చినయి, కాదన. కని సాయంత్రం పూట ఉప్పల్ చౌరస్తాల నిలవడి చూస్తె... ఎన్ని దేశాల కార్లో, ఎన్ని రంగులో... అన్నిట్ల ఒక్కొక్కరే కూసోని పోతున్నరు.

మీ ఇంటికొచ్చిన మొదటి బండి ఏది... ఎవరి మాట మీద కొన్నరు... అందుల ఎవరెవరు ఎక్కిన్రు... జర రాయున్రి. కండ్లద్దాలు పెట్టుకోని అన్ని చదువుత.